వ్యాసంలో తాతయ్య చేత అనని మాట అనిపించవచ్చా?

పర్లాకిమిడి తెలుగు టీచరు:
తొమ్మిదో తరగతికి "మా ఊరి చిన్న రైలు" అని వ్యాసం ఇచ్చాను. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన న్యారోగేజి రైలు. ఇప్పుడున్నది బ్రాడ్‌గేజి. దాదాపు అన్ని వ్యాసాలూ "రైలు మానవాళికి ఎంతో ఉపయోగకరమైనది" అంటూనే మొదలయ్యాయి. ఒక్కడు మాత్రం, వాళ్ల తాతయ్య కదులుతున్న రైలు దిగి, జీడిమామిడి పండు కోసుకుని, మళ్లీ అదే పెట్టె ఎక్కినట్టు రాశాడు. "తొందరెందుకురా, రైలు మనదే కదా" అన్నాడట ఆయన. చదివి నవ్వాను. ఆరా తీస్తే, వాడు పుట్టకముందే తాతయ్య పోయాడు! మార్కులు తగ్గించాను. తప్పు చేశానా?

బరంపురం రిటైర్డు మాస్టారు:
తప్పేనమ్మా. గైడు చూసి ఎక్కించిన వాళ్లకు మార్కులు వేసి, సొంతంగా ఆలోచించిన వాడికి కోత పెట్టారు. వాడు ఇక జన్మలో తాతయ్య గురించి రాయడు.

గుణుపురం విలేకరి:
మాస్టారూ, నేను పత్రికకు వార్తలు పంపేవాడిని. ఒక మనిషి అనని మాట ఆయన పేరున వేస్తే మర్నాడు మా గుమ్మంలో ఉంటాడు. తాతయ్య రాలేడు కాబట్టి ఏ మాటైనా అంటగట్టవచ్చా? తెలుగులో "అట" ఉంది. "దిగేవాడట, కోసుకునేవాడట" అంటే కథా పోదు, అబద్ధమూ కాదు.

బరంపురం రిటైర్డు మాస్టారు:
ప్రతి వాక్యానికీ "అట" తగిలిస్తే అది వ్యాసమా, హరికథా?

ఒక తండ్రి:
పరీక్షలో ఉపోద్ఘాతం, ముగింపు చూస్తారు. తాతయ్యలను కాదు.

గుణుపురం విలేకరి:
మీ మాటా నిజమేనండీ, బాధగా ఉన్నా. కానీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర భాష ఎలా నేర్చుకున్నారు? సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి అడిగి. 1938లో వచ్చిన ఆయన నిఘంటువు వెనక ఉన్నది ఆ అడగడమే. పిల్లవాడికి ఊహ ఉంది, మంచిదే. అడగడం ఎవరూ నేర్పలేదు. టీచరుగారూ, మార్కులు కోసే ముందు వాణ్ని ఇంకెవరి దగ్గరికైనా పంపి ఉండవలసింది.

పర్లాకిమిడి తెలుగు టీచరు:
పంపాను. వాళ్ల నాయనమ్మ ఉంది. నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను: ఏ స్టేషనులో ఎక్కేవారు, టికెట్టు ఎంత, చేతిలో ఏముండేది, పక్కన ఎవరు కూర్చునేవారు. మొదటి ప్రశ్నకే ఆమె, "మీ తాతయ్య రైలు ఎక్కితే కదా! టికెట్టు డబ్బు మిగులుతుందని పట్టాల పక్కనే నడిచి వెళ్లేవాడు" అందట. జీడిమామిడి పండ్లు మాత్రం నిజమే, ఇంటికి తెచ్చేవాడట. మిగతా మూడు ప్రశ్నలూ దండగ అయ్యాయి.

వాడు రెండు రోజులు ముఖం మాడ్చుకుని, నిన్న కొత్త వ్యాసం ఇచ్చాడు. మొదటి వాక్యం: "మా తాతయ్య ఎన్నడూ రైలు ఎక్కలేదు." ముగింపు లేదు. మాస్టారూ, పదికి ఎన్ని వేయమంటారు?

బరంపురం రిటైర్డు మాస్టారు:
ముందు వ్యాసం మొత్తం ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను. పాతదానికి కోసిన మార్కులు మాత్రం తిరిగి వేయవలసిందే.