వీడ్కోలు సభ పరీక్షలకు ముందా, తర్వాతా?

రెండో అంతస్తు వార్డెన్

అందరికీ నమస్కారం. ఒక రెసిడెన్షియల్ స్కూల్లో 19 ఏళ్ళుగా వార్డెన్‌గా పనిచేస్తున్నాను. ఈ ఏడాది స్టాఫ్ మీటింగ్‌లో ఒక విషయం మీద రెండు వర్గాలుగా చీలిపోయాం. ఇంకా తెగలేదు. మీ మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నాను.

చివరి ఏడాది పిల్లలకు ఫేర్‌వెల్ ఎప్పుడూ ఫైనల్ పరీక్షలకు మూడు వారాల ముందు చేస్తాం. స్టేజీ, పాటలు, ప్రిన్సిపల్ గారి ప్రసంగం, జూనియర్లు ఇచ్చే జ్ఞాపికలు, గ్రూప్ ఫొటో. ఆ రాత్రి అందరూ ఏడుస్తారు. మర్నాడు పొద్దున ఐదింటికి నేను స్టడీ అవర్ బెల్ కొడితే అదే పిల్లలు ఉబ్బిన కళ్ళతో వచ్చి పుస్తకాల ముందు కూర్చుంటారు. ఆ తర్వాత పరీక్షలు. ఆఖరి పేపర్ అయిన రోజు సాయంత్రం నాలుగింటికల్లా డార్మిటరీ ఖాళీ.

పోయినేడాది ఒక అబ్బాయికి ఆప్షనల్ పేపర్ ఉండిపోయింది. మిగతావాళ్ళది పొద్దున్నే అయిపోయింది, అతనిది మధ్యాహ్నం. అయిదున్నరకి తిరిగొచ్చి చూస్తే పరుపులన్నీ చుట్టేసి ఉన్నాయి. పక్క మంచం మీద ఆరేళ్ళు పడుకున్న స్నేహితుడు వెళ్ళిపోయాడు. "సార్, వాడేమైనా చెప్పమన్నాడా?" అని అడిగాడు. వాడేమీ చెప్పలేదు. బయట వాళ్ళ నాన్న హారన్ కొడుతుంటే పెట్టె సగం మూసి పరిగెత్తాడు. నేను అబద్ధమాడాను. "ఫోన్ చేస్తానని చెప్పమన్నాడు" అన్నాను.

అందుకే ఫేర్‌వెల్ పరీక్షల తర్వాతికి మార్చాలని నా వాదన. సగం మంది స్టాఫ్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు

వార్డెన్ గారూ, ఆ అబ్బాయి సంగతి విని బాధేసింది. కానీ దానికి ఫేర్‌వెల్ తేదీ ఏం చేసింది? తప్పంతా పేపర్ల టైమ్‌టేబుల్‌ది.

నేనూ రెసిడెన్షియల్ స్కూల్లోనే పనిచేశాను. ఆఖరి పేపర్ రాసేసిన పిల్లల్ని ఒక్క రాత్రి ఆపడమంటే ఏమిటో నాకు తెలుసు, ఎందుకంటే ఒక ఏడాది ఆపాం. పరీక్షలున్నంత కాలం వాళ్ళకి మీరంటే భయమో గౌరవమో ఏదో ఒకటి ఉంటుంది. ఆఖరి పేపర్ ఇచ్చేసి హాల్లోంచి బయటికొచ్చిన నిమిషం నుంచి మీరు వాళ్ళని ఏమీ చేయలేరు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. ఆ రాత్రి కారిడార్‌లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొట్టారు. రెండు వాష్‌బేసిన్లు పగిలాయి. ఒకడు వాటర్ ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. వాడు దిగేదాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు.

పరీక్షల ముందైతే పిల్లలు అదుపులో ఉంటారు, టీచర్లందరూ ఉంటారు, హాల్ టికెట్లు కూడా ఆ రోజే చేతికిచ్చి నాలుగు మంచి మాటలు చెప్పొచ్చు. ఏడుపులన్నీ అప్పుడే అయిపోతే పరీక్షల మీద మనసు నిలుస్తుంది.

పై మంచం

మాస్టారూ, నమస్తే. ఏడేళ్ళు బోర్డింగ్‌లో ఉన్నాను, ఏడేళ్ళూ పై మంచమే. ఏడుపులు అప్పుడే అయిపోతాయన్నారు చూడండి, అక్కడే నవ్వొచ్చింది. మా ఫేర్‌వెల్ రాత్రి ఇద్దరు స్నేహితులు స్టేజీ మీద ఒకరినొకరు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. హాలంతా ఏడ్చింది. తెల్లారేసరికి బాత్‌రూమ్ దగ్గర ఆ ఇద్దరే బకెట్ కోసం కొట్టుకున్నారు.

ఇంకో సంగతి. మూడు వారాలు ఇంకా అదే గదిలో ఉండాలని తెలిసినప్పుడు అసలు చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పరు. చెబితే మర్నాడు ఆ మొహం చూడాలి కదా! ఒకడితో ఏడాదిన్నరగా నాకు మాటల్లేవు. గొడవ ఎందుకొచ్చిందో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. ఫేర్‌వెల్‌లో పక్కపక్కనే నిలబడి ఫొటో దిగాం, అప్పుడూ మాట్లాడుకోలేదు. ఆఖరి పేపర్ రోజు కుళాయి దగ్గర ప్లేటు కడుగుతుంటే వాడే వచ్చాడు. జేబులోంచి నా కాంపాస్ తీసి ఇచ్చాడు. "ఇది నీదే" అన్నాడు. అంతే. పది నిమిషాల్లో బండెక్కి వెళ్ళిపోయాడు. నాకు ఇంకో గంట దొరికుంటే ఏదో ఒకటి అనేవాణ్ణి.

నా ఓటు తర్వాతే.

చదువరి

ఈ విషయం మీద ఆలోచించినవాళ్ళు ఉన్నారు. ఆర్నాల్డ్ వాన్ గెన్నెప్ అనే మానవశాస్త్రవేత్త 1909లోనే ఒక మాట చెప్పాడు. మనిషి ఒక దశ నుంచి ఇంకో దశలోకి వెళ్ళేటప్పుడు మూడు మెట్లు ఉంటాయట. పాతదాన్నుంచి విడిపోవడం, మధ్యలో గడప మీద ఉండిపోవడం, కొత్తచోట కలిసిపోవడం. మీ పిల్లల్ని ఫేర్‌వెల్ పేరుతో మూడు వారాల ముందే విడదీసి, పరీక్షలు అయ్యేదాకా గడప మీద నిలబెడుతున్నారు. తర్వాత బయటికి తోసేస్తున్నారు.

విదేశాల్లో పెరుగుతూ మాటిమాటికీ ఊళ్ళు మారే పిల్లలతో పనిచేసిన డేవిడ్ పొలాక్ ఇంకాస్త పనికొచ్చే మాట చెప్పాడు. వెళ్ళిపోయే ముందు నాలుగు పనులు చేయాలంటాడు. గొడవలుంటే సర్దుకోవడం, నాకు నువ్వు ఇలా ఉపయోగపడ్డావని ఎదుటివాళ్ళకి చెప్పడం, మనుషులకీ చోటుకీ వీడ్కోలు చెప్పడం, వెళ్ళబోయే చోటు గురించి ఆలోచించుకోవడం. పై మంచం గారి కాంపాస్ మొదటి పని కిందికే వస్తుంది.

ఇక ముగింపు సంగతి. 1993లో డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 32 మందితో చల్లటి నీళ్ళలో చేయి పెట్టించారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్ళలో 60 సెకన్లు. ఇంకోసారి అదే 60 సెకన్లు, దానిపైన మరో 30 సెకన్లు, ఆ ముప్పై సెకన్లలో నీళ్ళని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్ళీ ఒకటి చేయాలంటే ఏది చేస్తారని అడిగితే 22 మంది ఎక్కువసేపు ఉన్నదాన్నే ఎంచుకున్నారు. చివర కాస్త నయంగా ఉంటే మొత్తం జ్ఞాపకమే మారిపోతుందన్నమాట. ఏడేళ్ళ హాస్టల్ జీవితానికి కారు హారన్ ముగింపు అయితే ఎలా?

లెక్కల మాస్టారు

చదువరి గారూ, మా హాస్టల్లో పిల్లలు రోజూ చన్నీళ్ళే పోసుకునేవారు. ఇంకో ముప్పై సెకన్లు పోసుకుంటామని ఒక్కడూ అడగలేదు.

నీళ్ళలో చేయి పెట్టడం ఒకటి, ఏళ్ళ తరబడి బతికిన చోటు ఒకటి. ఆ లెక్క ఇక్కడికి తెచ్చి అతికించకండి. పొలాక్ చెప్పిన నాలుగు పనులు మాత్రం బాగున్నాయి. కాకపోతే అందులో మూడు పరీక్షల ముందే చేయించొచ్చు.

కారు దగ్గర నిలబడ్డ తల్లి

హారన్ కొట్టిన తల్లిదండ్రుల్లో నేనూ ఉన్నాను, కాబట్టి మా వైపు కూడా వినండి.

మాకు స్కూలు వాళ్ళు చెప్పింది ఒక్కటే: ఆఖరి పేపర్ అయిన రోజు సాయంత్రంలోగా గది ఖాళీ చేయాలి. అయిదు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాం, చీకటి పడేలోపు తిరిగి బయల్దేరాలి. మా అమ్మాయి గంటన్నర బయటికి రాలేదు. వచ్చాక చూస్తే చొక్కా నిండా స్కెచ్ పెన్నులతో సంతకాలు, చేతుల మీద కూడా రాతలు, కళ్ళు ఎర్రగా. నేను కసిరాను. యూనిఫాం పాడు చేశావన్నాను. ఇంక ఎప్పుడూ వేసుకోని యూనిఫాం గురించి! దారంతా వెనక సీట్లో అటు తిరిగి కూర్చుంది. ఆ చొక్కా ఉతకనివ్వలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతకీ నేననేది, తేదీ ముందా తర్వాతా అన్నది మీరు చూసుకోండి. తల్లిదండ్రుల్ని మాత్రం మర్నాడు రమ్మనండి. ఆ ముక్క ముందే చెబితే మేమూ దానికి తగ్గట్టు టికెట్లో సెలవులో చూసుకుంటాం. మేం గేటు బయట నిలబడితే పిల్లలు ఏ పనీ స్థిమితంగా చేయలేరు.

ఇంకో మాట. ఫేర్‌వెల్‌కి బట్టల పోటీ మరీ ఎక్కువైంది. మా అమ్మాయి గదిలో ఒక పిల్ల కొత్త డ్రెస్ లేక జ్వరమని సిక్ రూమ్‌లో పడుకుందట. ఇది నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది.

ఒక జూనియర్

అందరూ సీనియర్ల గురించే మాట్లాడుతున్నారు. ఫేర్‌వెల్ చేసేది మేము. చందా మేమే వేసుకోవాలి, ఇవ్వలేనివాళ్ళ పేర్లు క్లాస్‌లో చదువుతారు. మాకూ పరీక్షలున్నాయి. డెకరేషన్, డ్యాన్స్ ప్రాక్టీస్ అంటూ రెండు వారాలు స్టడీ అవర్ పోతుంది.

అసలు టెన్షన్ బిరుదులతో. ప్రతి సీనియర్‌కీ ఒక బిరుదు పెట్టి స్టేజీ మీద చదవాలి. "నిద్రపోతు", "మెస్ మహారాజు" లాంటివైతే ఫరవాలేదు. పోయినసారి ఒక అక్కకి రంగు మీద పెట్టారు. అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. స్టేజీ దిగాక ఆ కార్డు ముక్కలు చేసి డస్ట్‌బిన్‌లో వేయడం నేను చూశాను. ఆ బిరుదు రాసింది మా క్లాస్ వాళ్ళే.

పై మంచం

తమ్ముడూ, అలాంటిది తప్పే. కానీ బిరుదులు మొత్తం తీసేస్తే ఫేర్‌వెల్‌లో ఏం మిగులుతుంది, ప్రసంగాలా? నాకు "పై లోకం" అని పెట్టారు. ఇప్పటికీ మా బ్యాచ్‌లో నన్ను అలాగే పిలుస్తారు.

ఒక జూనియర్

అన్నా, నేను అమ్మాయిని. మీకు నచ్చింది కాబట్టి మీరు చెప్పుకుంటున్నారు. నచ్చనివాళ్ళు ఇలా వచ్చి రాయరు కదా.

పై మంచం

సారీ చెల్లెమ్మా, రెండింటికీ.

రెండో అంతస్తు వార్డెన్

జూనియర్ అమ్మా, నువ్వు రాసింది చదివాక పాత ఫేర్‌వెల్స్ అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ముందు వరసలో కూర్చుని అలాంటి బిరుదులకి నేనూ నవ్వాను. ఎన్నిటికి నవ్వానో చెప్పలేను. ఈసారి బిరుదులు ముందు రోజు ఆ సీనియర్‌కే చూపించి, సరే అంటేనే చదవాలని పెడతాను. చందా ఆపేయమని ప్రిన్సిపల్ గారిని అడుగుతాను, స్కూలే పెట్టుకోవాలి.

వంటాయన కొడుకు

మా నాన్న ఒక బోర్డింగ్ స్కూల్ మెస్‌లో 22 ఏళ్ళు వండాడు. ఈ చర్చ ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఓటు ముందుకే. ఎందుకంటే ఫేర్‌వెల్ రోజు సాయంత్రం పిల్లలకి తీరిక ఉంటుంది, వంటగది వైపు వచ్చేవాళ్ళు. ఆఖరి పేపర్ రోజు అందరూ ముందు గేటు నుంచే పోతారు, వంటగది వెనకాల ఉంది. స్టేజీ మీద "వంట సిబ్బందికి కూడా" అని ఒక ముక్క చదివేవారట, అది ఆయన పట్టించుకోలేదు. వెనక తలుపు దాకా వచ్చిన పిల్లల పేర్లు మాత్రం ఇప్పటికీ చెబుతాడు.

చదువరి

మీ నాన్నగారి మాటతో నా వాదన కొంచెం దెబ్బతింది, ఒప్పుకుంటున్నాను. పాటలు, స్టేజీ, వంటగదికి వెళ్ళి రావడం, ఇవి ముందు జరిగినా నష్టం లేదు. పక్క మంచం వాడితో మాట్లాడుకోవడం మాత్రం ముందు జరగదు. ఒకే సాయంత్రంలో అన్నీ ఇరికించాలని చూస్తున్నాం.

లెక్కల మాస్టారు

అంటే రెండు ఫేర్‌వెల్సా? ఒకటికే డబ్బులూ ఓపికా లేవు.

రెండో అంతస్తు వార్డెన్

నిన్న మళ్ళీ మీటింగ్ జరిగింది. గంటన్నర పట్టింది. స్టేజీ ప్రోగ్రాం పాత తేదీకే, పరీక్షల ముందే. యూనిఫాంలోనే రావాలి, ప్రసంగం ఒక్కరే చేయాలి. ఆఖరి పేపర్ అయిన రాత్రి పిల్లలు డార్మిటరీలోనే ఉంటారు. ఆ రాత్రికి ప్రోగ్రాం అంటూ ఏదీ పెట్టడం లేదు, మైకు కూడా ఉండదు. ఆప్షనల్ పేపర్ ఉన్నవాళ్ళు రాసి వచ్చాకే పరుపులు చుట్టాలి. తల్లిదండ్రులు మర్నాడు పొద్దున ఎనిమిది తర్వాత రావాలి, ఉత్తరాలు వెళ్ళిపోయాయి. అప్పుడే ముగ్గురు ఫోన్ చేసి కుదరదన్నారు. వాళ్ళ పిల్లల్ని సాయంత్రమే పంపక తప్పదు. దానికి నా దగ్గర మందు లేదు.

ఆ రాత్రి డ్యూటీకి ఇద్దరమే ఒప్పుకున్నాం, పిల్లలు 83 మంది. మిగతా స్టాఫ్ మాస్టారు గారు చెప్పినవే చెప్పారు, వాష్‌బేసిన్లతో సహా.

కారు దగ్గర నిలబడ్డ తల్లి

కావాలంటే తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గుర్ని డ్యూటీకి అడగండి సార్. సొంత పిల్లలున్న అంతస్తులో మాత్రం వేయకండి.

లెక్కల మాస్టారు

ఇద్దరితో 83 మందా? నా అభిప్రాయం మారలేదు, ఇది పొరపాటే. చేస్తామంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఎక్స్‌టింగ్విషర్లు తీసి దాచకండి, అవి చోటులో ఉండాల్సిందే, వాటి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. పదకొండింటికి లైట్లు ఆపమని గొడవ పెట్టుకోకండి, ఎలాగూ ఆపరు. ట్యాంకు మెట్లకు చీకటి పడకముందే తాళం వేయండి.

రెండో అంతస్తు వార్డెన్

తాళం ఇవాళే తెచ్చాను మాస్టారూ.