ఇల్లు చల్లబడాలంటే ముందు కొలవాలా, నేరుగా పనిలోకి దిగాలా?

సీతమ్మధార_టాప్‌ఫ్లోర్
మాది వైజాగ్‌లో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్, నెత్తిమీద డాబా తప్ప ఇంకేం లేదు. మే బిల్లు 500 యూనిట్లు దాటింది. డాబాకి కూల్ పెయింట్ (ఎండని వెనక్కి కొట్టే తెల్ల పెయింటు) వేయించమని ఒకరు, కిటికీలకి డబుల్ గ్లాస్ పెట్టించమని ఒకరు, పాత ఏసీ పారేసి 5 స్టార్ కొనమని ఇంకొకరు. మూడూ చేయించే స్తోమత లేదు. ముందు ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడెక్కడ ఖర్చవుతోందో కొలిపించడం) చేయించండి అని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. ఇళ్లకి అది అవసరమా, దండగ ఖర్చా?

గాజువాక_బాబాయ్
దండగే. టాప్ ఫ్లోర్‌లో ఉంటూ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందని అడగడమేంటండీ? ఆడిటర్‌కిచ్చే డబ్బుతో సగం డాబాకి పెయింటు పడిపోతుంది. మేం వేయించాం, బిల్లు తగ్గింది. అంతే సంగతి.

మీటర్_రాజు_ఎంవీపీ
బాబాయ్ గారూ, ఎప్పుడు వేయించారు? మే చివర్లో వేయించి జూలై బిల్లు చూసుకుంటే ఎవరికైనా తగ్గుతుంది. వానలు చేసిన పనికి పెయింటుకి దండ వేస్తే ఎలా?

సీతమ్మధార గారూ, ఆడిటర్ అక్కర్లేదు కానీ కొలత కావాలి. మీటర్ మీద ఓ చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది, అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని. రాత్రి ఫ్యాన్లు, లైట్లు, ఏసీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి, ఆ లైటు ముందు నిలబడండి. 3200 మీటర్ నిమిషానికి రెండుసార్లు మెరిసిందంటే 37 వాట్లు పైచిలుకు ఊరికే కాలుతోందన్నమాట. సెట్‌టాప్ బాక్సు, రౌటర్, ఇన్వర్టర్ చార్జింగ్, అన్నీ కలిసి. చిన్నదే అనిపిస్తుంది, నెలకి 27 యూనిట్లు! టారిఫ్‌లో నెలకి 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఏది ఆదా అయినా ముందు తగ్గేది ఆ పై శ్లాబే కాబట్టి అక్కడే రెండొందల యాభై దాకా మిగులుతుంది.

తర్వాత ఏసీ ఒక్కటే వేసి అలాగే చూడండి. 500 యూనిట్లలో ఏసీ వాటా 200 అయితే ఒక కథ, 350 అయితే వేరే కథ.

అద్దెకొంప
నేను కొలిచి ఏం చేసుకోను? ఓనర్‌కి చూపిస్తే పెయింటు వేయించి అద్దె పెంచుతారు. 75 వాట్ల ఫ్యాన్ తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటార్ ఉన్న ఫ్యాన్) పెట్టుకున్నా, ఖాళీ చేసేటప్పుడు పట్టుకుపోతా.

బీచ్‌రోడ్_ఇంజనీర్
ఎంతసేపూ బిల్లు శ్లాబేనా? మన ఊరిలో సగం బాధ ఉక్కపోత. గాలిలో తేమని నీరుగా మార్చి బయటికి పంపడానికి కూడా ఏసీ కరెంటు తింటుంది. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ రెండు తలుపులూ కలిసేచోట, సాయంత్రం సముద్రపు గాలి వీచేటప్పుడు, వెలిగించిన అగరుబత్తి పెట్టి చూడండి. పొగ గదిలోకి వంగితే ఆ సందులోంచి తేమ వస్తున్నట్టే. ఆ సందులో ఉండే ఉన్ని పట్టీ మార్చడానికి వందల్లో అవుతుంది, డబుల్ గ్లాస్‌కి వేలల్లో. పడమటి కిటికీకి బయట వెదురు చిక్ తెర వేలాడదీస్తే ఎండ గాజుదాకా రాదు, ఇక డబుల్ గ్లాస్ దేనికి?

విదేశాల్లో వీధి తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి, 50 పాస్కల్ ఒత్తిడి తేడా పెట్టి ఇంటి సందుల్లోంచి గాలి ఎంత కారుతోందో కొలుస్తారు. మన బాత్‌రూమ్ వెంటిలేటర్ గాజు రెక్కలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి కదా, ఆ పరీక్ష మనకొద్దు.

గాజువాక_బాబాయ్
అగరుబత్తులు, మెరుపులు... ఇది ఇల్లా, ల్యాబా? వేడంతా పైనుంచే అని చిన్నపిల్లాడూ చెప్తాడు.

బీచ్‌రోడ్_ఇంజనీర్
పైనుంచే వస్తోంది, కాదనను. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు ఆదాకి కేంద్రం తెచ్చిన కోడ్) ప్రకారం పైకప్పు యూ విలువ, అంటే వేడిని ఎంత వదులుతుందో చెప్పే లెక్క, 1.2 దాటకూడదు. మామూలు కాంక్రీట్ శ్లాబ్‌ది 3 పైనే. అంటే వేడిని రెట్టింపు కంటే ఎక్కువే లోపలికి వదులుతుంది. తెల్ల పెయింటు ఎండని వెనక్కి కొడుతుంది కానీ ఆ 3ని పెద్దగా మార్చదు. దుమ్ము పట్టి, నాచు పట్టి నల్లబడితే ఆ కొట్టడం కూడా తగ్గుతుంది. మీరు వేయించాక మళ్లీ కడిగించారా?

గాజువాక_బాబాయ్
కడగాలని ఎవరూ చెప్పలేదే.

సీతమ్మధార_టాప్‌ఫ్లోర్
ఇన్‌ఫ్రారెడ్ గన్ (ముట్టుకోకుండా వేడి కొలిచేది) ఒకటి అడిగి తెచ్చాను. (కోవిడ్ నాటి నుదుటి గన్ పనికిరాదు, అది నుదుటి వేడిని ఒంటి వేడిగా లెక్కకట్టి చూపిస్తుంది.) రాత్రి తొమ్మిదికి హాల్ సీలింగ్ 38, పడమటి గోడ 36. ఎండ పోయి రెండు గంటలు దాటినా ఇదీ పరిస్థితి. మీటర్ దగ్గర మెరుపులు నిమిషానికి మూడు.

గాజువాక_బాబాయ్
చూశారా! 38 అని చెప్పడానికి గన్ ఎందుకు, స్టూలెక్కి చెయ్యి పెడితే చాలదూ?

మీటర్_రాజు_ఎంవీపీ
రోజుల తేడాతో ముట్టుకుంటే చేతికి 38కీ 36కీ తేడా తెలీదు బాబాయ్ గారూ. పెయింటు తెచ్చే తేడా అంతే అయితే? అప్పుడు ఖర్చు గిట్టిందో లేదో ఎలా చెప్తారు?

సీతమ్మధార_టాప్‌ఫ్లోర్
మొదట్లో బాబాయ్ గారన్న సగం డాబా మాటే పట్టుకున్నా. హాలు పైన వేయిస్తా, పక్క బెడ్‌రూమ్ పైన వదిలేస్తా. రెండు గదుల్లో ఏసీ ఆపి, ఒకే రాత్రి రెండు సీలింగ్‌లూ కొలిస్తే మే, జూలై గొడవే ఉండదు. డబుల్ గ్లాస్ ఆలోచన మానేశాను. ఏసీ సంగతి వచ్చే ఏడాది.

అద్దెకొంప
సగమే వేసినా మేస్త్రీ పూర్తి కూలీ అడుగుతాడు. బేరం ముందే తేల్చుకోండి.