అప్‌డేట్: దక్షిణం బాల్కనీలో గ్రీన్‌హౌస్, చివరికి ఏం బిగించామంటే

మొదట అడిగింది ఇదీ: మల్కాజ్‌గిరిలో రెండో అంతస్తు, నాలుగడుగుల దక్షిణం బాల్కనీ. మూసేసి గ్రీన్‌హౌస్ చేస్తే చలికాలం హాలు వెచ్చబడుతుందా, మే నెలలో కొలిమవుతుందా అని. పని అయిపోయింది.

పైన స్లాబు ఉండటమే పెద్ద అదృష్టం. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ నేరుగా లోపలికొస్తుంది. మే రెండో వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు షీటు మీద దాదాపు పడదు. అందుకే పైకప్పుకు పారదర్శక షీటు వద్దంటే వద్దు. సాయంత్రం ఎండ పడే పడమటి పక్కన కూడా షీటు పెట్టకుండా గోడే ఉంచాం.

ముందువైపు 6 ఎంఎం మల్టీవాల్ పాలికార్బొనేట్, అంటే లోపల బోలు గొట్టాలుండే ప్లాస్టిక్ షీటు. ఎండను తట్టుకునే యూవీ పూత ఉన్న వైపు బయటికే ఉండాలి, తిరగేస్తే త్వరగా పచ్చబడి పెళుసెక్కుతుంది. గొట్టాలు నిలువుగా రావాలి. స్క్రూ రంధ్రం స్క్రూ కన్నా 2-3 ఎంఎం పెద్దది లేకపోతే ఎండకు సాగి షీటు ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. పై అంచుకు అల్యూమినియం టేపు, కింది అంచుకు గాలాడే టేపు. కిందా మూసేస్తే లోపల చెమ్మ, నాచు.

గాలాడటానికి కింద ఒక వరస, పైన ఒక వరస, అడుగు ఎత్తుండే కిటికీలు. స్లైడింగ్ అయితే సగమే తెరుచుకుంటుంది, తలుపుల్లా తెరుచుకునేవే మేలు. దోమల మెష్ గాలిని బాగా తగ్గిస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

హాలు తలుపు చలికాలం పగలు తెరిచి, రాత్రి మూయాలి. వేసవిలో పగలంతా మూతే, కిటికీలు బార్లా.

కరెంటు బిల్లు తగ్గుతుందా అంటారా? ఇక్కడ హీటరే వాడం కదా, మిగిలేది నామమాత్రం. ఏసీ ఖర్చు తగ్గాలంటే, మీది డాబా కింది అంతస్తే అయితే, ముందు డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పూత వేయించండి.