‘ప్లేయర్ పియానో’కు తెలుగులో ఏం పేరు పెట్టొచ్చు?

అన్నలూ అక్కలూ, చిన్న సాయం కావాలె. మాది గద్వాల. అమెరికా రచయిత కర్ట్ వోనెగట్ 1952లో రాసిన మొదటి నవల ‘ప్లేయర్ పియానో’ను తెలుగు చేస్తున్న, నాకోసమే. నదికి ఒక దిక్కు ఇంజనీర్లు, ఇంకో దిక్కు యంత్రాలు పని గుంజుకున్నోళ్లు, అదీ కథ. పేరు కాడనే ఆగిన.

చిల్లుల కాగితం చుట్ట తిరుగుతుంటే మీటలు వాటంతట అవే దిగి మోగే పియానో అది. మా మగ్గం మీద డిజైన్ నేసేటందుకు పెట్టే జకార్డు అట్టల చిల్లులది గూడ అదే పని. నాయినకు చెప్తే టక్కున అర్థమైంది. కానీ ‘జకార్డు’ అంటే చీరల పుస్తకమనుకుంటరు!

1954లో పేపర్‌బ్యాక్ వేసినోళ్లు ‘యుటోపియా 14’ అని సైన్స్ ఫిక్షన్ లెక్క పేరు మార్చిన్రు. ఆ ముద్ర వోనెగట్‌కే నచ్చలే, అట్లాంటి పేర్లు వద్దు. ‘తానే మోగే పెట్టె’ ఎట్లుంది? హార్మోనియం అనుకుంటరా?