బీటా కెరోటిన్ పొడి: క్యారెట్ రంగే కదా, మాస్కు ఎందుకు?

కాజా_పాకం (అంబాజీపేట దగ్గర)
మాది మిఠాయిల పని. పెళ్లి సారెలు, శ్రీమంతాలు, షాపులకు సప్లై. ఈ మధ్య అందరూ "కెమికల్ రంగు వద్దండి" అంటున్నారని బాబాయి టార్ట్రాజిన్ అనే కృత్రిమ పసుపు రంగు మానేసి బీటా కెరోటిన్ 10 శాతం పొడి తెప్పించాడు. డబ్బాతో వచ్చిన సేఫ్టీ కాగితంలో మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్, నిప్పుకు దూరం అని పెద్ద పట్టిక ఉంది. బాబాయి దాన్ని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టేశాడు. "క్యారెట్లో ఉండేదేరా, దానికింత హడావుడా" అంటాడు. మా వంటమాస్టరు పొయ్యి పక్కనే డబ్బా మూత తీసి, చెంచాతో ఎత్తి పిండిలో దులుపుతాడు. నోట్లో చుట్ట. మధ్యాహ్నానికి అరచేతులు, ముక్కుపుటాలు నారింజ రంగు తిరుగుతున్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది. ఈ జాగ్రత్తలు నిజంగా కావాలా, లేక కంపెనీలు కేసుల భయంతో రాసేవేనా?

లంక_గట్టు
మీ బాబాయి గారి మాటే రైటండి. ఉప్పు బస్తాకి కూడా అలాంటి కాగితం ఉంటుంది, చదివితే ఉప్పు తినడం మానేస్తారు. తీర్థాల్లో మెటానిల్ ఎల్లో కలిపిన జిలేబీ అమ్మేవాళ్లని అడిగేవాడు లేడు. అది తిండిలో వాడకూడని రంగు. మీరు పద్ధతిగా అనుమతి ఉన్న రంగు కొంటే మీకే భయాలు! మన దేశంలో కెరోటిన్‌కి సహజ రంగుల జాబితాలో చోటుంది. చేతికి అంటితే సబ్బుంది. ఆయ్, హాయిగా పని చేసుకోండి.

ఫీడ్_మిల్లు_షిఫ్టు (తణుకు)
లంక_గట్టు గారూ, తినడానికి మంచిదే. ఇక్కడ అడిగింది పీల్చడం గురించి. ఈ రెండూ వేరు. గోధుమ పిండి రోజూ తింటాం, ఏళ్ల తరబడి ఆ పిండి దుమ్ము పీల్చిన బేకరీ పనివాళ్లలో కొందరికి ఆస్తమా వస్తుంది.

కోళ్ల మేతలో పచ్చసొన రంగు కోసం ఈ జాతి రంగులు మేం బస్తాల్లో వాడతాం, కాబట్టి కొంచెం లెక్క చెబుతాను. క్యారెట్ 100 గ్రాముల్లో బీటా కెరోటిన్ సుమారు 8 మిల్లీగ్రాములు. మీ 10 శాతం పొడి ఒక్క గ్రాములో 100 మిల్లీగ్రాములు, అంటే కిలో పైచిలుకు క్యారెట్. మీ మాస్టరు ఎత్తే చెంచా 5 గ్రాములనుకుంటే ఆరు కిలోలు. "క్యారెట్లో ఉండేదే" అన్న మాట ఇక్కడ నిలబడదు. కిలోకు 20 మిల్లీగ్రాముల కెరోటిన్ చొప్పున వేస్తే 50 కిలోల బూందీకి 10 గ్రాముల పొడి చాలు. చెంచా కొలత మానేసి గ్రాముల కాటా కొనండి.

నిప్పు సంగతి: గాలిలో లేచిన సన్నటి సేంద్రియ ధూళి ఏదైనా, మూసిన గదిలో నిప్పురవ్వ తగిలితే పేలొచ్చు. 2008లో అమెరికాలోని జార్జియాలో ఒక పంచదార ఫ్యాక్టరీలో పంచదార దుమ్మే పేలి 14 మంది పోయారు. మీ కిలో డబ్బాతో అంత ప్రమాదం లేదు, ఆ మాట ఒప్పుకుంటా. మేతలో వేసే పొడులు కలిపే మా ప్రీమిక్స్ గదిలో మాత్రం ఉంది. అందుకే అక్కడ కంప్రెసర్ గాలితో ఊదడం నిషేధం, తడిగుడ్డతో తుడవాల్సిందే. మీరైనా పొయ్యి పక్కన డబ్బా తెరవకండి. వేడికీ, వెలుతురుకీ, గాలికీ ఆ రంగు వెలిసిపోతుంది. వెలిసిందని మీ మాస్టరు ఇంకో చెంచా వేస్తాడు, అవునా?

కాజా_పాకం
వేస్తాడు :) "నిన్నటంత తేలడం లేదు" అంటాడు.

మందుల_షాపు_రాజోలు
ముందు అరచేతుల గురించి. పైపైన అంటింది సబ్బుకు పోతుంది. ఎక్కువ కెరోటిన్ ఒంట్లోకి వెళ్లి వచ్చే పసుపు అయితే కడిగినా పోదు. అరచేతులు, అరికాళ్లు, ముక్కు పక్కలు పచ్చబడతాయి, కళ్ల తెల్లగుడ్డు మాత్రం తెల్లగానే ఉంటుంది. అది ప్రమాదం కాదు, ఆపితే మెల్లగా తగ్గుతుంది. తెల్లగుడ్డు కూడా పచ్చబడితే కామెర్లు, రంగు మీద నెట్టేసి ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నన్ను ఆపింది చుట్ట. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా ఉన్న పెద్ద పరిశోధనలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూశారు. క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితాలు వచ్చేసరికి మాత్రలు వేసుకున్న వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ తేలింది. అమెరికాలో పొగతాగేవాళ్ల మీద, ఆస్బెస్టాస్ పనివాళ్ల మీద చేసిన ఇంకో పరిశోధనలో విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చారు. అక్కడ 28 శాతం ఎక్కువ కనిపించేసరికి 1996లో ముందే ఆపేశారు. లంక పొగాకు చుట్ట కాల్చే మనిషిని ఆ పొడి దుమ్ములో నిలబెట్టడం నాకు నచ్చలేదు.

లంక_గట్టు
మేడమ్, వాళ్లు ఏళ్ల తరబడి మింగిన వాళ్లు. ఈ మాస్టరు ముక్కులోకి వెళ్లేది ఎంత? మాత్రల లెక్క తెచ్చి దుమ్ముకి అతికిస్తే ఎలా? పైగా ఆయనకి క్యాన్సర్ వస్తే చుట్ట వల్ల వస్తుంది, మీ రంగు వల్ల కాదు. ఇలాగే భయపెడితే రేపు ఈ కుర్రాడు మళ్లీ చవక రంగుకి పోతాడు.

మందుల_షాపు_రాజోలు
మింగడం, పీల్చడం ఒకటి కాదన్నది నిజమే, ఆ 18 శాతాన్ని నేను మాస్టరుకి అంటగట్టడం లేదు. లడ్డూ తినేవాళ్లకీ ఈ భయం అక్కర్లేదు. రోజుకు 15 మిల్లీగ్రాముల లోపు అయితే పొగ బాగా తాగేవాళ్లకు కూడా ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో చెప్పింది, పైన లెక్క ప్రకారం 100 గ్రాముల బూందీలో ఉండేది 2 మిల్లీగ్రాములు. కానీ పది రూపాయల మాస్కుతో పోయే దానికి రుజువు వచ్చేదాకా ఆగడం ఎందుకు? వంటశాలలో పొగ తాగకూడదన్నది ఎలాగూ ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది.

కాజా_పాకం
ఇంకో సంగతి. భీమవరం వైపు రొయ్యల మేత అమ్మే ఒకాయన ఇదే రంగు సగం ధరకి ఇస్తానంటున్నాడు. బాబాయి మనసు అటు లాగుతోంది.

ఫీడ్_మిల్లు_షిఫ్టు (తణుకు)
వద్దు. ఈ ఒక్క మాట మీద వాదన లేదు. ఫీడ్ గ్రేడ్, అంటే మేత కోసం చేసిన సరుకుని మనుషుల తిండికి పెట్టే స్వచ్ఛత పరీక్షలకు పెట్టరు. పాడవకుండా ఎథాక్సీక్విన్ లాంటివి కలిపిన రకాలుంటాయి. మన రొయ్యల్లో అదే మిగిలిందని జపాన్ వాళ్లు మన సరుకు ఆపినప్పుడు చెరువుల వాళ్లు ఎంత నలిగారో భీమవరంలో ఎవరినడిగినా చెబుతారు. పైగా మేత కోసం అమ్మే ఎర్రపొడి చాలాసార్లు బీటా కెరోటిన్ కాదు, అదే జాతిలో వేరే రంగులైన కాంతాజాంతిన్ లేదా ఆస్టాజాంతిన్. కాంతాజాంతిన్‌ని ఒళ్లు రంగు తేలడానికి మాత్రలుగా ఎక్కువగా మింగిన వాళ్లలో కొందరికి కంటి రెటీనాలో స్ఫటికాలు పేరుకున్నాయి. అందుకే యూరప్‌లో గుడ్ల కోళ్ల మేతలో దాన్ని కిలోకు 8 మిల్లీగ్రాములకు తగ్గించారు.

సత్రం_వంట
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. ఈ పొడులు కొన్నింటిలో గింజ చుట్టూ జెలటిన్ పూత ఉంటుంది, అంటే పశువు తోలూ ఎముకల నుంచో, చేప నుంచో తీసిన జిగురు. మీరు గుడి ప్రసాదానికి, వ్రతాలకు ఇచ్చే సరుకైతే డబ్బా మీద చూసుకోండి. పిండిపదార్థం పూత ఉన్న రకాలూ దొరుకుతాయి.

కాజా_పాకం
అయ్యో, డబ్బా తిప్పి చూశా, జెలటిన్ అనే ఉంది. ఇంట్లో ఈ మాట బయటపెడితే నాన్నమ్మ మాస్కు కాదు, డబ్బానే గోదాట్లో కలిపిస్తుంది.

ఫీడ్_మిల్లు_షిఫ్టు (తణుకు)
మారుస్తున్నారు కాబట్టి నీళ్లలో కలిసే రకమే అడగండి. పొద్దున్నే ఒక మనిషి మాస్కు వేసుకుని, ఫ్యాను ఆపి, ఆ రోజుకు సరిపడా పొడి తూచి మూత ఉన్న గిన్నెలో గోరువెచ్చటి నీళ్లతో కలిపేస్తే చాలు. తడిశాక దుమ్ము ఉండదు. మాస్టరు శనగపిండిలో ఆ నీళ్లు పోసుకుంటాడు. మిగిలింది రేపటికి దాచొద్దు. డబ్బా గట్టిగా బిగించి చల్లగా, చీకటిగా ఉన్న చోట పెట్టండి, మన తడి గాలికి గడ్డ కడుతుంది.

లంక_గట్టు
తడిపి వాడమన్నది బాగుంది, దానికి నేనూ ఓటేస్తా. చుట్ట విషయంలో మాత్రం మీ మాస్టరుతో మీరే మాట్లాడుకోండి. నలభై ఏళ్ల చెయ్యి ఉన్న మనిషిని పోగొట్టుకుంటే మళ్లీ అలాంటి బూందీ పడదు.

మందుల_షాపు_రాజోలు
చుట్ట మానెయ్యమనలేదండి, గుమ్మం బయట కాల్చుకోమంటున్నాను.