నేరేడు చెట్టు పక్కన బోరు వేయవచ్చా?

పొలంగట్టు: కదిరి దగ్గర మాకు మెట్ట పొలం ఉంది. వంక ఒడ్డున పెద్ద నేరేడు, ఎగువన సర్కారు తుమ్మ. నడివేసవిలోనూ నేరేడు ఆకు వాడదు. నీళ్లు చూసే పెద్దాయన చెట్టు పక్కనే వేయమన్నారు. జియాలజిస్టు యంత్రం పెట్టి చూసి తుమ్మ వైపు చూపించారు. ఎవరి మాట వినాలి?

కానుగనీడ: పెద్దాయన మాట. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో, భూమిలో నీళ్లు కనిపెట్టడం గురించిన దకార్గల అధ్యాయంలో చెప్పాడు. నేరేడుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉంటే, దక్షిణం వైపు రెండు పురుషుల లోతున తియ్యటి నీళ్లు. మా తాతగారి బావి చెట్టును చూసి తవ్వినదే.

రాతిపొర: పుట్ట ఉందని ఆయన చెప్పలేదే! పుట్ట లేకపోతే అదే అధ్యాయం ఉత్తరాన మూడు మూరల దూరంలో తవ్వమంటుంది. మధ్యలో కప్ప కూడా కనబడాలట. పురుష ప్రమాణం అంటే చేతులెత్తి నిలబడిన మనిషి ఎత్తు, ఏడున్నర అడుగులు అనుకోండి. రెండైతే 15 అడుగులు. ఆ లెక్క పట్టుకుని 600 అడుగుల బోరు వేస్తారా?

తేమ: ముందు పుట్ట సంగతి తేల్చండి.

పొలంగట్టు: ఉందండీ. కానీ పడమర వైపు.

కానుగనీడ: పడమరైనా ఫరవాలేదు. తడి లేనిచోట చెదలు పుట్ట పెట్టవు.

రాతిపొర: శ్లోకం ప్రమాణమైతే దిక్కూ ప్రమాణమే. మీకు నచ్చినంత వరకే శాస్త్రమా? అక్కడ కింద ఉన్నది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. నీళ్లుండేది పైన శిథిలమైన పొరలో, దాని కింద పగుళ్లలో. నేరేడు, ఏరుమద్ది, మేడి, ఈత ఆ పైపొర తడినే చెబుతాయి. పైగా ఇది వంక ఒడ్డు చెట్టు, వంక తేమతోనే పచ్చగా ఉండవచ్చు. ఇక తుమ్మ పచ్చగా ఉందని పైన నీళ్లున్నాయని అసలు నమ్మవద్దు, దాని వేర్లు చాలా లోతుకు పోతాయి. అమెరికాలోని అరిజోనా గనిలో దాని జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. యంత్రం భూమిలోకి కరెంటు పంపి నిరోధం కొలుస్తుంది. తడి ఉన్నచోట నిరోధం తగ్గుతుంది.

కానుగనీడ: బంకమట్టి ఉన్నా తగ్గుతుంది, అది చెప్పరేం? మా పక్క పొలంలో యంత్రం చూపిన చోటే పొడి లేచింది. తీసుకున్న ఫీజు మాత్రం వెనక్కి రాలేదు.

వేపపుల్ల: మా ఊళ్లో అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే తప్ప రిగ్గు బండి కదలదు.

రాతిపొర: నవ్వులాటగా ఉందా? మా నాన్నగారు మేడి చెట్టును నమ్మి బోరు వేయించారు. చూసిపెట్టినాయన డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి చెట్టు ఆకుల నిండా తెల్లటి రాతిదుమ్ము, చుక్క నీరు లేదు. అప్పు కింద పొలం పోయింది. మీ తాతగారి బావి అంటున్నారు, ఇప్పుడు అందులో నీళ్లున్నాయా?

కానుగనీడ: లేవు. ఎందుకు లేవో మీకే తెలియాలి. చుట్టూ బోర్లు దిగాక ఊట తగ్గింది, చివరికి మెట్ల అడుగున పాచి కూడా ఎండిపోయింది. చెట్టు అబద్ధం చెప్పలేదు. అది చూపించిన నీళ్లను మీ బోర్లు తోడేశాయి.

రాతిపొర: ‘మీ బోర్లు’ అంటే ఎవరివి? వంక పక్క భూములు మీవి, పదిహేను అడుగుల్లో నీళ్లు మీవి. మిట్ట మీద మాకు గడ్డపార దిగని రాయి. బోరు కాక ఏం వేస్తాం? మీ బావి నిండుగా ఉన్నప్పుడు మాకొక తడి ఇచ్చారా?

కానుగనీడ: అడిగినవాళ్లకు ఇచ్చాం.

రాతిపొర: అదే చెబుతున్నాను. మేం అడగాలి, మీరు ఇవ్వాలి. బోరు వచ్చాక అడగడం మానేశాం. మీ కోపం నీళ్ల గురించి కాదు.

కానుగనీడ: ఎండిన బావి నా ఇంటి ముందుంది, మీ ఇంటి ముందు కాదు.

తేమ: అడిగినాయన ఇంకా ఇక్కడే ఉన్నారు, కాస్త చూడండి. పొలంగట్టు గారూ, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది. ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్లలోపు అయితే అనుమతి లేకుండా తవ్వకూడదు. దగ్గర్లో అలాంటిది ఉందా?

పొలంగట్టు: ఉంది. వంక అవతలే, నేరేడుకు ఎదురుగా. ఏడాది పొడవునా నీళ్లొస్తాయి.

రాతిపొర: అయితే ఆ బోరులో ఎన్ని అడుగులకు జల పడిందో పంచాయతీలో కనుక్కోండి. చెట్టు కంటే, యంత్రం కంటే అది నయం.

కానుగనీడ: దాని పక్కన ఏ చెట్టుందో కూడా చూసి రండి.