పాదాలతో బొమ్మ వేయడం: తెలిసినవారు సలహా ఇవ్వండి

నమస్కారం అండీ. మాది హైదరాబాద్, పద్మారావునగర్. పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, రోజూ యోగా చేస్తాను. సింహనందిని అనే నృత్యంలో 128 అక్షరాల (అంటే లయ లెక్కల) తాళానికి ఆడుతూ, రంగుపొడిలో పాదాలతోనే సింహం బొమ్మ వేస్తారు కదా. అది చూసినప్పటి నుంచి నాకూ అలా వేయాలని ఒకటే తపన.

డాబా మీద తెల్లగుడ్డ పరిచి మొదలుపెట్టాను. వృక్షాసనంలో కాసేపు నిలబడి, ఊపిరి మీద ధ్యాస పెట్టి కదిలితే గీత నిదానంగా, గుండ్రంగా వస్తోంది. అదెంత హాయో! తాళం వేగం పెరగగానే మడమ బరువుకి గుడ్డ జారి గీత చెదిరిపోతోంది. మోకాలు మెలిక పడుతుందేమోనని టెన్షన్ కూడా.

గుడ్డ జారకుండా ఏం చేయాలి? ముగ్గుపిండి మేలా, తడిరంగా? అరికాళ్లు మండని రంగులేవి? లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల దగ్గర నేల పాడవకుండా ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.